మీకు తెలుసా? బందరు గ్రహణం, నూజివీడు లెక్క, బెజవాడ కియోస్కు!

మీకు తెలుసా? హీలియం కథలో మన గుంటూరు ఉంది! అవునండీ, బెలూన్లలో నింపే ఆ హీలియమే! 1868 ఆగస్టు 18న కృష్ణా డెల్టాలో పట్టపగలే చీకటి పడింది. సంపూర్ణ సూర్యగ్రహణం! అది చూడ్డానికి పియరీ జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్సు నుంచి ఏకంగా గుంటూరు వచ్చి దిగాడు. వెంట కాంతిని రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్ తెచ్చుకున్నాడు. సూర్యుడు పూర్తిగా కనుమరుగైంది ఆరు నిమిషాల లోపే! ఆ కాసేపట్లోనే, సూర్యుడి అంచున ఎగిసే ఎర్రటి నాలుకలు వేడికి వెలిగే వాయువులేనని తేల్చేశాడు!

ఇంకా వినండి! గ్రహణం విడిచింది. ఊళ్లో జనం విడుపు స్నానాలకు వెళ్లే ఉంటారు. జాన్సెన్‌కు మాత్రం ఒకటే ధ్యాస! స్పెక్ట్రోస్కోప్‌లో ఆ మంటల గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోయినా కనిపించవా అని. మర్నాడు తెల్లారగానే మళ్లీ స్పెక్ట్రోస్కోప్ తిప్పాడు. కనిపించాయి! అప్పటిదాకా ఆ మంటలు చూడాలంటే గ్రహణం కోసం ఏళ్లకేళ్లు కాచుక్కూర్చోవాలి. గుంటూరులో 24 గంటల్లో ఆ అవసరం తీరిపోయింది!

ఇక బందరు సంగతి! అదే రోజు, అదే గ్రహణం. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వచ్చి మకాం పెట్టాడు. ఆయన కంటికి ఓ పసుపుపచ్చ గీత చిక్కింది. సోడియం గీత దగ్గర్లోనే ఉంది, కానీ సరిగ్గా అక్కడ లేదు! ఇప్పుడు ఆ గీత స్థానం 587.5 నానోమీటర్లని చిన్న పిల్లలు కూడా వెతికి చెప్పేస్తారు. ఆనాడు అది ఎవరికీ అంతుబట్టని గీత. బందరు ఆకాశంలో!

ఈ పోగ్సన్ సామాన్యుడు కాడు! రాత్రిపూట నక్షత్రాలు చూస్తారా? ఒక్కో నక్షత్రం ఎంత వెలుగుతుందో చెప్పడానికి ఖగోళవేత్తలకు ఓ కొలమానం ఉంది. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ వెలుగులో తేడా 2.512 రెట్లు. ఆ లెక్క కట్టింది పోగ్సనే! ప్రపంచమంతా ఇప్పటికీ అదే లెక్క వాడుతోంది!

ఇది మాత్రం సినిమా కథే! జాన్సెన్ గుంటూరు నుంచి ఉత్తరం రాశాడు. ఓడ మీద అది మెల్లగా బయల్దేరింది. అటు ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తనంతట తానే, గ్రహణం లేకుండానే, ఆ గీతలు పట్టేశాడు. ఆయనా ఉత్తరం రాశాడు. రెండూ ఫ్రెంచి అకాడమీకి చేరింది ఒక్క రోజే! 1868 అక్టోబరు 26న! ఘనత ఎవరిదని కొట్లాడుకున్నారా? లేదు! ఇద్దరి ముఖాలూ పక్కపక్కన వేసి పతకం చేయించింది ఫ్రాన్సు!

ఆ పసుపుపచ్చ గీత కొత్త మూలకానిదని అన్నది లాకియర్. నమ్మిన వాళ్లు కొద్దిమంది, నవ్విన వాళ్లు బోలెడంతమంది! సూర్యుడిలో ఉండి భూమ్మీద లేని మూలకమా అని! విలియం రామ్సే 1895లో ఓ యురేనియం ఖనిజంలోంచి ఆ మూలకాన్ని, అంటే హీలియంను, బయటికి తీసి చూపించాడు. అప్పటికి గుంటూరు గ్రహణం జరిగి 27 ఏళ్లు!

జాన్సెన్ గురించి ఇంకొక్కటి చెప్పనివ్వండి, ఆగలేను! 1870లో పారిస్‌ను శత్రుసేనలు చుట్టుముట్టాయి. అప్పుడే ఇంకో గ్రహణం! ఈయన ఏం చేశాడో తెలుసా? బెలూన్ ఎక్కి, సైనికుల నెత్తి మీదుగా ఎగిరి బయటపడ్డాడు! అంత కష్టపడి ఆఫ్రికా తీరం చేరితే మబ్బులు కమ్మేశాయి. పాపం! గుంటూరు ఆకాశానికి ఉన్న దయ అక్కడి ఆకాశానికి లేకపోయింది!

సరే, ఇప్పుడు నూజివీడు! మామిడి పళ్ల ఊరు అంటారా? అంతేనా? ప్రపంచంలో గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ తలచుకునే మనిషి ఆ ఊళ్లో పలకా బలపం పట్టాడు! కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్.రావు. 1920లో హడగళిలో పుట్టిన తెలుగుబిడ్డ. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీ అయినప్పుడల్లా బడి మారేది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖ. నందిగామ కూడా, గమనించారా? ఉమ్మడి కృష్ణా జిల్లాకే రెండు బళ్లు!

రాధాకృష్ణ అని ఎందుకు పెట్టారో ఊహించండి! ఇంట్లో పదిమంది పిల్లలు. ఈయన 8వ సంతానం! దేవకి అష్టమ గర్భం గుర్తొచ్చిందా? ఆ లెక్క ప్రకారమే పేరు పెట్టారట!

తెల్లవారుజామున 4 గంటలకే అమ్మ లేపేది! నూనె దీపం వెలిగించి పుస్తకం ముందు కూర్చోబెట్టేది. పెద్దయ్యాక రావుగారు తన పుస్తకం ఒకటి ఆ తల్లికే అంకితం ఇచ్చి, ఈ సంగతి అందులో రాసుకున్నారు. మన ఇళ్లలో మాత్రం అలారం మోగితే నొక్కేసి మళ్లీ పడుకుంటాం!

ఆయన గణాంకశాస్త్రంలోకి రావడం ఉత్త యాదృచ్ఛికం! సైన్యంలో సర్వే ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఒకతను పరిచయమై, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుందని చెప్పాడు. చూద్దాం పదమని వెళ్లారు. 1941 జనవరి 1న చేరిపోయారు. తర్వాత దాదాపు నలభై ఏళ్లు అక్కడే! ఆ ఉద్యోగం వచ్చుంటేనా? ఇవాళ మనకు ఈ పేరాలే ఉండేవి కావు!

ఇప్పుడు చెప్పేది అసలు రహస్యం. చెవి ఇటివ్వండి! కుర్ర రావు కలకత్తాలో పాఠం చెబుతున్నారు. నమూనాలు లెక్కలేనన్ని ఉంటే అంచనా ఎంత ఖచ్చితంగా వస్తుందో వివరిస్తున్నారు. ఒక విద్యార్థి లేచాడు. మరి నమూనాలు కొన్నే ఉంటేనో అని అడిగాడు. రావు దగ్గర జవాబు లేదు! ఇంటికెళ్లి రాత్రంతా కూర్చున్నారు. తెల్లారేసరికి జవాబు సిద్ధం! 1 రాత్రి. అంతే! ఆ జవాబే ఇవాళ క్రామెర్-రావు సూత్రం!

ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి ఎవరో తెలిస్తే కుర్చీలోంచి లేస్తారు! వి.ఎం.దండేకర్! తర్వాత దేశం గర్వించే ఆర్థికవేత్త అయ్యాడు. మన దేశంలో పేదలెందరో తేల్చడానికి నీలకంఠ రథ్‌తో కలిసి రోజుకు 2,250 కేలరీల తిండిని ఆధారం చేసుకుని లెక్క కట్టింది ఆయనే! చూశారా? ఆర్థికవేత్త ప్రశ్న వేశాడు, గణితవేత్త రాత్రంతా మేలుకున్నాడు!

ఆ సూత్రం ఏం చెబుతుందంటారా? చాలా సులువు! మీరెంత తెలివైన పద్ధతి కనిపెట్టినా, చేతిలో ఉన్న సమాచారంతో అంచనా ఫలానా హద్దుకు మించి ఖచ్చితంగా రాదు. ఇంటి తక్కెడలో కిలో రాళ్లే ఉంటే గ్రాము బంగారం తూచలేం కదా, అలా! 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో ఇది అచ్చయింది. రావుకు అప్పటికి పట్టుమని పాతికేళ్లు!

ఒక్క పేపరు. అందులో 3 అద్భుతాలు! ఒకటి ఇప్పుడు చెప్పిన హద్దు. రెండోది, మోటు అంచనాను సానపట్టే రావు-బ్లాక్‌వెల్ సూత్రం. మూడోది, సమాచారానికి జ్యామితి కట్టబెట్టడం! ఎక్కడి సమాచారం, ఎక్కడి జ్యామితి! ఇవాళ కృత్రిమ మేధ పరిశోధకులు ఆ మూడోదాన్ని పట్టుకుని కొత్త కొత్త పద్ధతులు అల్లుతున్నారు. ఒక్కొక్కటీ ఒక జీవితానికి సరిపోయే పని. నన్నడిగితే, మూడింటినీ ఒకే పేపరులో పెట్టేయడం కాస్త దుబారానే!

భౌతికశాస్త్రంలో దీనికేం పని అంటారా? భలే అడిగారు! 2015లో తొలిసారి గురుత్వ తరంగాలు దొరికాయి కదా! రెండు కృష్ణబిలాలు ఢీకొంటే అంతరిక్షమే అదిరింది. అలాంటి తరంగం చూసి ఆ బిలాల బరువును ఎంత ఖచ్చితంగా చెప్పగలమో ముందుగా లెక్కేయాలంటే శాస్త్రవేత్తలు వాడేది రావు హద్దునే! క్వాంటం ప్రపంచానికైతే దీనికి వేరే రూపమే ఉంది. క్వాంటం క్రామెర్-రావు హద్దు! నూజివీడు బడి ఎక్కడ, కృష్ణబిలం ఎక్కడ!

ఆర్థికవేత్తలూ రావును వదల్లేదు! 1948లో ఆయన ఒక పరీక్ష ప్రతిపాదించారు. స్కోర్ టెస్ట్. ఆర్థిక గణాంకాల పుస్తకం ఏది తెరిచినా అందులో మూడు ప్రధాన పరీక్షలుంటాయి. మూడింట్లో ఒకటి ఇదే! కాకపోతే ఆర్థికవేత్తలు దాన్ని లాగ్రాంజ్ పేరుతో పిలుచుకుంటారు. మనవాడి పేరు మాత్రం పక్కకు పోయింది. ఇది నాకు కాస్త మంటే!

ఇది వింటే నవ్వొస్తుంది! 1946లో రావును కేంబ్రిడ్జికి పంపింది ఎందుకో తెలుసా? ఎముకలు కొలవడానికి! సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన పురాతన అస్థిపంజరాలు మ్యూజియంలో ఉన్నాయి. పగలు వాటి కొలతలు! మిగిలిన వేళల్లో రోనాల్డ్ ఫిషర్ దగ్గర డాక్టరేట్!

మరి లోకం బహుమతి ఎప్పుడిచ్చింది? 1945 నాటి పనికి 2023లో! అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి. గణాంకశాస్త్రానికి నోబెల్ అంటారు దాన్ని. అప్పటికి ఆయన వయసు 102! అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. బహుమతి కాస్తలో ఆలస్యమైపోయేది!

నూజివీడు దాటకండి, పక్కనే ఆగిరిపల్లి ఉంది! అక్కడ 1909లో సూరి భగవంతం పుట్టారు. గుడివాడలో బడి. పందొమ్మిదేళ్లకే కలకత్తాలో సి.వి.రామన్ పక్కన నిలబడ్డారు. ఏ ఏడాదో తెలుసా? 1928! రామన్ ఎఫెక్ట్ బయటపడిన ఏడాదే! టైమింగ్ అంటే అది!

భగవంతం అసలు బలం కాగితం మీద! స్ఫటికాన్ని నొక్కితే అందులోంచి పోయే కాంతి నడక మారుతుంది. ఎంత మారుతుందో చెప్పడానికి కొన్ని స్థిరాంకాలు కావాలి. ఫ్రీడ్రిక్ పోకెల్స్ అనే జర్మన్ పండితుడు ఘనాకార స్ఫటికాలకు 3 చాలన్నాడు. అందరూ తలూపారు. భగవంతం 1942లో గ్రూప్ థియరీతో లెక్కేసి, అందులో రెండు తరగతుల స్ఫటికాలకు 3 కాదు, 4 కావాలన్నారు! లెక్క భగవంతానిదే నెగ్గింది!

ఆయన, టి.వెంకటరాయుడు కలిసి గ్రూప్ థియరీ మీద పుస్తకం రాశారు. అచ్చయింది ఎక్కడ? లండన్లోనా? కాదు, వాల్తేరులో! 1948లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు వేసింది. అణువుల కంపనాలు, స్ఫటికాల అమరిక, అన్నీ గణితంతో విప్పి చెప్పే పుస్తకం. ఇద్దరు తెలుగువాళ్లు, ఒక తెలుగు విశ్వవిద్యాలయం, విషయమేమో సైద్ధాంతిక భౌతికశాస్త్రం!

బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు 1957 నుంచి డైరెక్టరు ఎవరు? భగవంతమే! రామన్ ఒకప్పుడు కూర్చున్న కుర్చీ అది. 1962లో ఆయన దిగాక ఎక్కింది సతీశ్ ధావన్. ఆగిరిపల్లి అబ్బాయి ఎవరెవరి వరసలో ఉన్నాడో చూడండి!

కాస్త గోదావరి వైపు తొంగిచూద్దామా? భీమవరం దగ్గర గొరగనమూడి. అక్కడ పుట్టిన ఒకాయన సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాలకు వెళ్లారు. ఆ తర్వాత? లివర్‌పూల్ వెళ్లి అణుభౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేశారు! గురువెవరు? న్యూట్రాన్‌ను కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్! స్వామివారి గ్రంథం 1947లో వెలువడింది. వేదాంతం కాదండోయ్, శూన్యం మీద! నిజం శూన్యం, గాలి తోడేసిన శూన్యం!

భౌతికశాస్త్రం చదివినవాడు దేశం డబ్బును నడపగలడా? నడిపాడు! ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. ఖరగ్‌పూర్ ఐఐటీలో ఫిజిక్సు, కాన్పూర్ ఐఐటీలో మళ్లీ ఫిజిక్సే! 1972లో ఐఏఎస్‌లో దేశానికే మొదటి ర్యాంకు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం డాక్టరేట్. చివరికి రిజర్వు బ్యాంకు గవర్నరు!

గవర్నరు కుర్చీ ఎక్కింది 2008 సెప్టెంబరు 5న. సర్దుకుని కూర్చునేలోపే అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలింది! మధ్యలో ఎన్ని రోజులు? 10! ప్రపంచం మొత్తం గడగడలాడింది. ఏడు నెలలు తిరక్కుండా రెపో రేటు 9 శాతం నుంచి 4.75కు దిగిపోయింది. ఇంటి అప్పు కట్టే ప్రతివాడికీ ఆ అంకె గుర్తుంటుంది!

ఆయనకు ముందు గవర్నరు ఎవరు? కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి! అంటే 2003 నుంచి 2013 దాకా, 10 ఏళ్లు ఏకబిగిన, మన నోట్ల మీద తెలుగువాళ్ల సంతకాలే! పాత నోటు ఎక్కడైనా ఉంటే తీసి చూడండి!

ఫిజిక్సు నుంచి అర్థశాస్త్రానికి దూకడం మన సుబ్బారావుతో మొదలవలేదు లెండి! అర్థశాస్త్రానికి తొట్టతొలి నోబెల్ 1969లో వచ్చింది. అందుకున్న ఇద్దరిలో ఒకరు జాన్ టిన్‌బెర్గెన్. ఆయన డాక్టరేట్ ఎందులో? భౌతికశాస్త్రంలో!

పల్లెటూళ్ల అర్థశాస్త్రం అచ్చయింది మన బెజవాడలో! రాసింది ఎన్.జి.రంగా. పొన్నూరు పక్క నిడుబ్రోలు రైతుబిడ్డ. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, డెల్టా పల్లెల్లో ఎవరు ఏం పండిస్తారు, ఎవరికెంత మిగులుతుంది, ఎవరు అప్పులపాలవుతారు, అన్నీ ఆరా తీశాడు. పుస్తకం 1926లో వచ్చింది. మొదటి సంపుటం మొత్తం డెల్టా గ్రామాలే! ప్రపంచం మన పల్లెల్ని లెక్కలోకి తీసుకోకముందే ఆయన లెక్క రాసేశాడు!

ఒకే ఊరిని రెండుసార్లు తూచారు! కొల్లూరు మండలం అనంతవరం. కృష్ణా డెల్టా ఊరే. గన్నవరం నుంచి శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య 1974లో ఇక్కడ ఎవరికెంత భూమి ఉందో సర్వే చేయించారు. ఆ ఊరికే 2005లో ఆర్థికవేత్తలు మళ్లీ వచ్చారు. 31 ఏళ్ల తేడా! కౌలెంత, కూలెంత, భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయింది, ఇంటింటికీ తిరిగి అడిగారు. సర్వేకూ సర్వేకూ మధ్య ఒక తరం గడిచిపోయింది!

నోబెల్ ఆర్థికవేత్తలు ఏ సంస్థ అప్పుల మీద ప్రయోగం చేశారో తెలుసా? 1998లో గుంటూరులో పుట్టిన స్పందన! అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం హైదరాబాదులో 104 బస్తీలు తీసుకుంది. సగం బస్తీల్లో సంస్థ శాఖ తెరిచింది, సగం బస్తీల్లో లేదు. ఏవి ఎటన్నది చీటీ తీసినట్టే నిర్ణయించారు! చిన్న అప్పుతో పేదరికం పోతుందా? తేలిందేమిటంటే, కొందరి వ్యాపారాలు కాస్త పెరిగాయి, ఇంటి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు! అద్భుతం జరుగుతుందనుకున్న వాళ్ల నోళ్లు మూతపడ్డాయి!

ఆ ఫలితం తేలకముందే ఒక ఉరుము ఉరిమింది. 2006లో, కృష్ణా జిల్లాలో! అధికారులు సూక్ష్మరుణ శాఖలు సుమారు 50 ఒక్కసారిగా మూయించారు. దేశదేశాల పరిశోధకులు దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? కృష్ణా సంక్షోభం! మన జిల్లా పేరు అలా కూడా పుస్తకాలకెక్కింది.

ఉపాధి కూలి డబ్బులు వేలిముద్ర కార్డుతో ఇస్తే ఏమవుతుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరీక్షించి చూశారు! కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుక్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు. ఏ మండలానికి ముందు కార్డులు ఇవ్వాలో లాటరీ వేశారు. ఆ మండలాల జనాభా ఎంతో తెలుసా? 1.9 కోట్లు! డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారడం తగ్గింది. కొన్ని దేశాల మొత్తం జనాభా కన్నా పెద్ద ప్రయోగశాల!

ఇప్పుడు బెజవాడ వాళ్లు కాలర్ ఎగరేసుకునే ముచ్చట! ఇంటర్నెట్ అంటే సగం మందికి తెలియని రోజుల్లో మన నగరపాలక సంస్థ ఆన్‌లైన్‌కు వెళ్లింది! దాని పేరు వాయిస్. విజయవాడ ఆన్‌లైన్ ఇన్ఫర్మేషన్ సెంటర్. జనన, మరణ ధ్రువపత్రాలు, ఇంటి ప్లాన్ల అనుమతులు, ఇంటి పన్ను, నీటి పన్ను, అన్నీ ఊళ్లోని 5 కియోస్కుల్లో! 1999 డిసెంబరుకల్లా నడిచింది. ప్రపంచ బ్యాంకు దీన్ని ఉదాహరణగా చూపించింది. కృష్ణలంక నుంచి కార్పొరేషన్ ఆఫీసుకు కాగితాలు పట్టుకు తిరిగిన పెద్దవాళ్లను అడగండి, ఆ మార్పు విలువ వాళ్లు చెబుతారు!

వాయిస్ పని మొదలైంది 1998 జూన్‌లో. గూగుల్ కంపెనీ నమోదైంది ఎప్పుడు? అదే ఏడాది సెప్టెంబరులో! అంటే గూగుల్ కన్నా మన బెజవాడ వాయిస్ 3 నెలలు పెద్ద! ఇది మాత్రం ఎవరికైనా చెప్పండి, నమ్మరు!

అదే ఏడాది నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసులకూ కంప్యూటర్లు వచ్చాయి. రాష్ట్రంలో 214 చోట్ల! పొలం విలువ కట్టడం, దస్తావేజు నకలు తీయడం, అన్నీ తెర మీదే. రోజుల తరబడి పడిగాపులు పడే పని గంటలోకి దిగింది!

డిజిటల్ ఇటుక కొన్నారా ఎప్పుడైనా? మన దగ్గర అమ్మారు! 2015లో, రాజధాని అమరావతి కోసం. నా ఇటుక, నా అమరావతి. వెబ్‌సైటులోకి వెళ్లి నొక్కితే మీ పేర ఒక ఇటుక! ధర ఎంత? 10 రూపాయలు! అమెరికాలో ఉన్న అల్లుడూ, అవనిగడ్డలో ఉన్న మామగారూ ఒకే గోడకు ఇటుకలు పేర్చగలిగేవారు!

ఆ అమరావతికి రైతులు స్వచ్ఛందంగా ఇచ్చిన భూమి ఎంతో తెలుసా? 33 వేల ఎకరాల పైమాటే! భూసేకరణ కాదు, భూసమీకరణ. బదులుగా వచ్చే ప్లాట్లు ఎవరికి ఎక్కడ? అది కంప్యూటర్ లాటరీ తేల్చింది. 2016లో నేలపాడుతో మొదలు. తాతలనాటి పొలం ఒక మీటతో కొత్త నంబరయింది.

నెలకు 149 రూపాయలు! ఆ డబ్బుకు ఇంటర్నెట్, టీవీ, ఫోను, మూడూ! 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ఇలా మొదలైంది. అప్పట్లో ఆ అంకె విని కేబుల్ వాళ్లే నోరెళ్లబెట్టారు!

ఫోనులో ఓటు వేశారు, అదీ మన పక్కూళ్లో! 2021 అక్టోబరులో ఖమ్మంలో. అసలు ఎన్నిక కాదు, ఉత్తుత్తి పోలింగు. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం యాప్ పెట్టి పరీక్షించి చూసింది. మొహం చూపించు, ఓటు నొక్కు! ఎస్టోనియా వాళ్లు 2005లోనే నిజం ఎన్నికల్లో ఇంటర్నెట్ ఓటు వేశారు. మనకు 2021లో కూడా ఖమ్మం రిహార్సలే!

ఏటి ఒడ్డు ఊరు వల్లూరుపాలెం. తోట్లవల్లూరు మండలం. అక్కడ కిరోసిన్ దీపం కింద చదువుకున్న కుర్రాడు చెన్నుపాటి జగదీశ్. 1977లో నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ. ఆస్ట్రేలియాకు వెళ్లింది 2 ఏళ్ల ఒప్పందం మీద! అక్కడే ఉండిపోయారు. వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నని నానోతీగలు పెంచుతారు. వాటిలోంచి లేజర్ కాంతి తీస్తారు! 2022లో ఆస్ట్రేలియా సైన్స్ అకాడమీకి అధ్యక్షుడయ్యారు. భారత సంతతి వాళ్లలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి మనిషి! కంకిపాడు సంతకు వెళ్లొచ్చే దారిలో ఎవరైనా ఇది చెప్పుకుంటున్నారా? చెప్పుకోవాలి!

వల్లూరుపాలెం నుంచి ఏరు దాటితే అమరావతి వైపే! అక్కడ క్వాంటం వ్యాలీ కడతామని 2025 మేలో ప్రకటించారు. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ కలిసి. పెడతామన్న క్వాంటం కంప్యూటర్లో 156 క్యూబిట్లు! తక్కువేగా అంటారా? ఆగండి! ఒక్కో క్యూబిట్ రెండు స్థితుల్లో ఉండగలదు. 156 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి చూడండి. 47 అంకెల సంఖ్య వస్తుంది! కాగితం మీద రాస్తే లైను చాలదు!

ఆఖరిది, మీ జేబులోనే ఉంది! ఫోను తీయండి. వాట్సాప్ ఉందా? 2025 జనవరి 30న ఉండవల్లిలో, వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలందించే మన మిత్ర మొదలైంది. ఆ రోజుకే 161 సేవలు! ధ్రువపత్రం కావాలా, కరెంటు బిల్లు కట్టాలా, ఆర్టీసీ టికెట్టా, దర్శనం టికెట్టా? మన మిత్రకు హాయ్ కొట్టండి. ఏదీ, ఇప్పుడే ఓసారి కొట్టి చూడండి!